సత్యవంతుని మాట

ఉరికంబమును గూర్చి ఆడువారు వ్రాయుటేమని చదువరులలో కొందఱు ముక్కుపై వ్రేలిడుకొనవచ్చును. ఊరగాయలు, పసిబిడ్డల పోషణము, వ్రతకథలు చదువుటకు అలవడిన కన్నులకు ఈ మాట కటువుగానే యుండును. కాని సోదరీమణులారా, ఉరి చెఱసాలలో జరుగును; దాని కబురు ఇంటికి వచ్చును. ఇంటనుండి ఆ కబురు వినువారము మనము. కావున మాకీ విషయమున మాటలాడు అధికారము కలదనియే తలంచి వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరము జూలై మాసమున బర్మాదేశమున జరిగిన సంగతి యొకటి మా మనస్సును నేటికిని వదలలేదు. రంగూను మన ఆంధ్రులకు కొత్త పేరు కాదు. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఓడలెక్కి అచ్చటి బియ్యపు మిల్లులకును, రేవుపనులకును పోయినవారి సంతతివారు మన తీరగ్రామములలో ఎందఱో కలరు. 1942లో యుద్ధభయముచే అడవులు కొండలు దాటి నడచివచ్చినవారి కథలు పెద్దలవలన విన్న కుటుంబములును కలవు. ఆ రంగూను నగరమున ఇన్సీన్ అను పెద్ద చెఱసాల యున్నది. జూలై 22వ తేది శుక్రవారమున అందలి ఖైదీ యొకనితో అతని తల్లి వీడియోలో మాటలాడుటకు అనుమతి దొరకినది. కుమారుడు ఆరోగ్యముగా, నవ్వుముఖముతోనే కనబడినాడట. చదువుకొనుటకు కళ్ళజోడు, ఒక నిఘంటువు, చెఱసాలలో ఖర్చులకు కొంత సొమ్ము కావలెనని అడిగినాడట. సోమవారమున ఆ తల్లి వానిని సమకూర్చుకొని చెఱసాల వాకిటికి పోయినది. ఆనాటి ప్రభుత్వపత్రికలో అతనిని, మఱి ముగ్గురిని ఉరితీసినట్లు ప్రకటన వెలువడియుండెను. అట్టి కోరికలు విన్నందుననే కుమారుని చంపుదురని తనకు తోచలేదని ఆమె పిమ్మట పత్రికలవారితో చెప్పినది.

తల్లులైనవారికి ఈ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కఱలేదు. కళ్ళజోడు అడిగిన బిడ్డ రేపును గూర్చి యోచించుచున్నాడని ఏ తల్లియైనను అనుకొనును. ఆ శుక్రవారమున ఆ మాటలు వినుచు ప్రక్కన నిలిచిన చెఱసాల యుద్యోగులలో ఎవరికైనను సంగతి తెలిసియే యుండునా, తెలిసియు నోరు విప్పక నిలిచిరా, అని మేము పలుమార్లు తలపోసితిమి.

ఆ కుమారుని పేరు ఫ్యో జేయా థా. వయస్సు 41 సంవత్సరములు. యౌవనమున అతడు పాటగాడు. 2000 సంవత్సరమున అతడును, అతని మిత్రులును వెలువరించిన పాటలు అచ్చటి యువకులలో ఒక కొత్తపద్ధతికి త్రోవచూపినవని చెప్పుదురు. సైనికప్రభుత్వమును నిరసించు యువకసంఘమును స్థాపించినందుకు 2008లో చెఱసాల పాలైనాడు. విడుదలయైన పిదప 2012లో ప్రజలు అతనిని శాసనసభకు ఎన్నుకొనిరి. 2015లో మఱల ఎన్నుకొనిరి. 2021 ఫిబ్రవరి 1వ తేదిని సేనాపతులు ప్రభుత్వమును లాగికొనిరి. ఆ నవంబరులో అతనిని పట్టుకొనిరి. 2022 జనవరిలో, బయటివారెవ్వరిని రానీయని సైనికన్యాయస్థానమున, ఉగ్రవాదనిరోధశాసనము క్రింద ఉరిశిక్ష వేసిరి. ఆ తీర్పుపై పైన్యాయస్థానమునకు పోవు దారి లేదు. దారియున్నది ఒక్కటే: ఎవరు పట్టించిరో ఆ సేనాపతికే మనవి చేసికొనుట. దొంగతనము జరిగినదని దొంగయింటనే పంచాయతి పెట్టినట్లు.

అతనితోపాటు ఉరితీయబడిన చో మిన్ యూ అను నతనిని అందఱును కో జిమ్మీ యందురు. 1988లో విద్యార్థులు జరిపిన మహోద్యమపు నాయకులలో నొకడు. జీవితమున ఇంచుమించు ఇరువది సంవత్సరములు చెఱసాలలలోనే గడచినవి. అతని భార్య నీలార్ థేన్ కూడ ఆ ఉద్యమమునుండి వచ్చినదే. 2007లో భర్తను పట్టుకొనిపోయినపుడు ఆమె చంకలో నాలుగైదు నెలల ఆడుబిడ్డ యుండెను. ఆమెయు పోలీసులకు చిక్కకుండ దాగవలసివచ్చినది. బిడ్డ ఏడ్చినచో దాగినచోటు తెలియును. పాలు మఱువని శిశువును అత్తవారి చేతులలో పెట్టి ఆమె ఊరూర తిరిగినది. ఏడాది దాటిన పిదప పట్టుబడినది. భార్యాభర్తలిద్దఱికిని 65 సంవత్సరముల చొప్పున శిక్షవేసిరి. 2012 జనవరిలో విడుదలయై యింటికి చేరునప్పటికి ఆ బిడ్డకు నాలుగేండ్లు నిండినవి. ఆ తండ్రిని ఆ కూతురునకు మిగిలించినది తొమ్మిది పది సంవత్సరములు మాత్రమే.

మఱి, ఈ నలుగురిని ఏనాడు ఉరితీసిరి? ప్రభుత్వము చెప్పలేదు. చెఱసాల నియమములప్రకారము శిక్ష అమలుజరిపితిమని పత్రికలో వ్రాసి యూరకుండెను. కళేబరములను బంధువులకు ఇయ్యలేదు. బౌద్ధులైన ఆ దేశపువారు మరణించిన ఏడవదినమున భిక్షువులకు అన్నముపెట్టి, చనిపోయినవారి పేర పుణ్యమును ధారపోయుదురు. ఏడవదినము లెక్కించుటకు మొదటిదినము తెలియవలెను కదా! మనయిండ్లలో తిథి తెలియని చావు ఎంత వేదనయో ఎఱుగనివారము కాము. కాశీకి పోయి తిరిగిరాని తాతలకును, సముద్రమున మునిగిన బెస్తవారికిని తద్దినము ఎప్పుడు పెట్టవలెనని పురోహితుని అడుగుచు తిరుగు యిల్లాండ్రను మేము చూచితిమి. అచ్చట దైవము దాచెను. ఇచ్చట దాచినది గుమాస్తాయు, అతని రిజిస్టరును.

చంపుట యొకటి, చంపినదినమును దాచుట యొకటి. దొంగకో హంతకుడికో శిక్షవేయు రాజు శిక్షను దాచడు. నలుగురికి తెలియుటయే తన ధర్మమనుకొనును. తన అధికారమునకు అడ్డువచ్చినవానిని చంపు రాజునకు రెండు కోరికలుండును: దేశమంతయు భయపడవలెను, ఇంటివారు గుమిగూడరాదు. మొదటిదానికి ప్రకటన కావలెను. రెండవదానికి రహస్యము కావలెను. ఇన్సీన్‌లో ఆ రెండును ఒకేదినపు పత్రికలో నెఱవేరినవి.

మా తండ్రిగారు మమ్ము వసారాలో కూర్చుండబెట్టి సంస్కృతనాటకములు చదివించునపుడు శూద్రకుని మృచ్ఛకటికమునందు పదవ అంకముకడ చాలదినములు నిలిపిరి. కథ పలువురకు తెలిసినదే. నిర్దోషియైన చారుదత్తుడు వసంతసేనను చంపెనని రాజుగారి బావమఱదియగు శకారుడు అభియోగము తెచ్చును. న్యాయాధికారి మొదట ఈనాడు విచారింపననును. నీ యుద్యోగము తీయింతునని శకారుడు బెదరించును; అధికారి పీఠముపై కూర్చుండును. నేరము స్థిరపడినట్లు తోచినపుడును ఆ అధికారి దేశమునుండి వెడలగొట్టుట చాలునని రాజునకు విన్నపము పంపును. అతడు చూపిన కారణము చారుదత్తుని జన్మము. ఆ కారణము మాకు రుచింపదు. ఆ జన్మము లేనివానికి ఆ విన్నపమైనను లేదు కదా. ఏమైనను పాలకుడను ఆ రాజు దానిని త్రోసివేసి, ఇట్టి పని చేయువారందఱికిని ఇదియే గతియని చాటించుచు శూలమున కెక్కింపుమనును.

పిమ్మట తలారులు చారుదత్తుని వీధులవెంట నడిపించుకొని పోవుచుందురు. వారిలో నొకడు తొందరపడడు. తన తండ్రి చనిపోవునపుడు చెప్పిన బుద్ధి యొకటి కలదనును: నీ వంతు వచ్చినపుడు వెంటనే చంపకుము; ఎవడైన ధర్మాత్ముడు ధనమిచ్చి విడిపించవచ్చును; రాజునకు కొడుకు పుట్టి ఖైదీలనందఱిని వదలవచ్చును; ఏనుగు కట్టు త్రెంచుకొని ఆ గలాటాలో వీడు తప్పించుకొనవచ్చును; రాజే మారవచ్చును. వ్యాఖ్యాతలు దీనిని హాస్యమందురు. మాకిది న్యాయశాస్త్రమంతటికి సారముగా తోచును. రాజును, రాజు బావమఱదియు, న్యాయాధికారియు ఎఱుగని సంగతి ఆ తలారి యెఱుగును: తీర్పు తప్పైయుండవచ్చును, తప్పని తెలియుటకు కొంత ప్రొద్దు కావలెను. ఆ ప్రొద్దులోనే వసంతసేన ప్రాణములతో పరుగెత్తుకొని వచ్చును. పాలకుడు కూలి, అతడు చెఱలో వేసిన ఆర్యకుడు రాజగును.

ఈ కాలపు పాలకులకు ఆ తలారి బుద్ధి తెలిసినదేమో! అందుచేతనే వారికి అంత తొందర. ఇరానుదేశమున 2022 సెప్టెంబరులో మహసా అమీనీ అను 22 ఏండ్ల యువతి, తలముసుగు సరిగా లేదని పట్టుకొనబడి నిర్బంధములో నుండగా మరణించినది. దేశమంతట స్త్రీలు వీధులకెక్కిరి. ఆ ఆందోళనలో మొహసెన్ షెకారీ అను 23 ఏండ్ల యువకుడు వీధికి అడ్డుపెట్టెనని, ప్రభుత్వదళపువాని నొకనిని కత్తితో గాయపఱచెనని పట్టుకొనిరి. గాయపడినవాడు చావలేదు. ఆ నేరమునకు పెట్టిన పేరు దైవముతో యుద్ధము. సెప్టెంబరులో పట్టుకొన్నవానిని డిసెంబరు 8వ తేదిని ఉరితీసిరి. మూడు మాసములైన నిండలేదు. మన కచేరీలలో పొలపుగట్టు తగాదా వాయిదాకే అంతకంటె నెక్కుడు కాలము పట్టును.

ఈ సంగతులు మాటలాడుకొనుచుండగా మా యెదురింటి పిన్నిగారు ఒకనాడు మమ్ము సూటిగానే యడిగిరి. "అదంతా సరే గానీ అమ్మాయీ, మనిషిని చంపినవాణ్ణి చంపకుండా పీటవేసి కూర్చోబెట్టమంటావా? చచ్చినవాళ్ళకు మాత్రం తల్లులు లేరా?" అనిరి.

పిన్నిగారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. రంగూనులో ఉరితీయబడిన నలుగురిలో హ్లా మ్యో ఆంగ్, ఆంగ్ థురా జా అను ఇద్దఱిపై మోపిన నేరము, సైన్యమునకు వేగు చెప్పుచున్నదను అనుమానముతో ఒక స్త్రీని చంపిరని. పాటగానిని గూర్చియు, విద్యార్థినాయకుని గూర్చియు వ్రాసి, ఈ స్త్రీని గూర్చి వ్రాయక దాటిపోవుట ధర్మము కాదు. ఆమెకును ఒక ఇల్లు కలదు. మూసిన తలుపులవెనుక జరిగిన ఆ విచారణవలన ఆమెను నిజముగా ఎవరు చంపిరో లోకమునకు తెలిసినదా? తెలియలేదు. ఆమెకును న్యాయము జరుగలేదు. ఆమె చావును సేనాపతులు తమ పనికి వాడుకొనిరి.

మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకమందు వసంతసేన తల్లిని సాక్ష్యమునకు పిలుతురు. కూతురు చచ్చినదని ఆమెకప్పుడే తెలిసినది. చారుదత్తుడు చంపెనని నిండుసభలో చెప్పుచున్నారు. ఆ ముదుసలి యేమనును? నా కూతురు పోయినదేని పోయినది, ఈ బిడ్డ బ్రదుకవలె ననును. అంతటితో నిలువక, వ్యాజ్యమునకు వాది ప్రతివాదులుండవలెను గదా, వాదిని నేను, నాకు వ్యాజ్యము లేదు, ఇతనిని వదలుడనును. ఆమెను బయటికి పంపివేయుదురు. శకారునకు వసంతసేన ప్రాణముతో నేమి పని? ఆమె పేరుతో పని. పిన్నిగారు ఈ కథ విని కొంతసేపు ఊరకుండి, "అందరు తల్లులూ అంత పెద్దమనసు చేసుకోలేరమ్మా" అనిరి. నిజమే. చేసికొనవలెనని మేమును కోరలేము.

తల్లుల మనస్సును ప్రక్కకు పెట్టి రాజధర్మమునే విచారింతము. మనమందఱము సావిత్రి కథ నెఱుగుదుము. ఆమె నోమును నోచుకొను యిల్లాండ్రకు సత్యవంతుడనగా ఆమెచే బ్రదికింపబడిన భర్త, అంతే. అతడు మాటలాడిన సందర్భమొకటి భారతమున శాంతిపర్వమందు, మోక్షధర్మములలో నున్నది. ద్యుమత్సేనుని ఆజ్ఞచే వధ్యులైన కొందఱిని తీసికొనిపోవుచుండగా కుమారుడైన సత్యవంతుడు అడ్డుచెప్పును. అంతకుముందెవ్వరును అనని మాట అనెనని భారతమే చెప్పుచున్నది. ఒక పురుషుని చంపినపుడు అతని భార్య, తల్లి, తండ్రి, కొడుకు కూడ చంపబడుదురు గదా, వారు చేసిన తప్పేమి, యని అతని ప్రశ్న. చెడ్డవాడును ఒకప్పుడు మంచివాడగును, చెడ్డవారికిని మంచిసంతానము కలుగును, కావున మూలమును నఱుకరాదని అతని వాదము. తండ్రి సులభముగా ఒప్పుకొనడు. పూర్వకాలమున ఛీ యన్న మాటయే దండనముగా నుండెను, పిమ్మట గద్దించుట వచ్చెను, పిమ్మట ధనము పుచ్చుకొనుట వచ్చెను, ఇప్పుడు వధయే గతియైనదని వాదించును. పిన్నిగారి పక్షమే ఇంచుమించుగా.

ఈ సంవాదము చెప్పుకొన్న తండ్రికొడుకులెవరో ఒక్కసారి తలచుకొనుడు. తండ్రి శత్రువుచేత రాజ్యము పోగొట్టుకొని, కన్నులు పోగొట్టుకొని, అడవిలో కాలము గడపినవాడు. కొడుకు మృత్యుపాశము మెడలో పడి, భార్య పుణ్యమున మరలివచ్చినవాడు. మృత్యుపాశము ఎట్లుండునో తెలిసిన రాజకుమారుడు పురాణములలో మఱియొకడు లేడేమో. మరలివచ్చిన పిదప అతడు మాటలాడినది ఇతరుల మెడలలోని త్రాళ్ళను గూర్చి. అతని జాబితాలో భార్య మొదట, తల్లి పిదప వచ్చుట మాకు విశేషముగా కనబడును. సావిత్రి మూడుదినములు ఉపవాసముండిన సంగతి అతడు మఱచియుండడు.

మా యింటివారు పిల్లలకు చరిత్ర చెప్పువారగుటచే మధ్యేమార్గమొకటి చూపిరి. హత్యలకు ఉరిశిక్ష నుంచి, రాజకీయములకు మాత్రము తీసివేసినచో మీ బాధ తీరదా యని. మన దేశమున 1980లో సుప్రీముకోర్టు అత్యంత అరుదైన సందర్భములలోనే ఉరిశిక్ష వేయవలెనని చెప్పినది కదా, ఆ కట్టుబాటు చాలదా యని. చూపునకు చక్కని మార్గమే. కాని రాజకీయనేరమని ఏ పాలకుడు తన నోట చెప్పును? శకారుడు తెచ్చినది స్త్రీహత్యాభియోగము. బర్మాలో చెప్పినది ఉగ్రవాదము. ఇరానులో చెప్పినది దైవద్రోహము. ప్రతికాలమునను ఆ ఉరి మామూలు నేరమునకు కుట్టిన చొక్కానే తొడుగుకొని వచ్చును. చొక్కా బీరువాలో నుండగా తొడుగుకొనుట ఎంతసేపు? నేడు ధర్మాత్ముడైన రాజు చేతిలోనున్న త్రాడు రేపు పాలకుని చేతికి వచ్చును, త్రాడు మారదు. మా మాటకు మా యింటివారు వెంటనే ఒప్పుకొనలేదు. కాని ఆ రాత్రి వారే భూమయ్య, కిష్టాగౌడుల సంగతి ఎత్తిరి.

ఆ యిద్దఱును అదిలాబాదు జిల్లావారు, రైతుపోరాటములలో తిరిగిన సామాన్యులు. భూస్వాముల హత్యానేరముపై ఉరిశిక్ష పడినది. హత్య జరిగెననుటలో వివాదము లేదు. అది భూమికై జరిగిన పోరాటములోని రాజకీయచర్యయా, లేక సాధారణ హత్యయా యనునదే నాడు దేశమున చర్చ. రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించెను. న్యాయవాదులును, రచయితలును, ఇతరదేశముల పండితులును ప్రాణభిక్షకై విన్నపములు పంపిరి. ఉరితీయు దినము నిర్ణయమైన పిదప కూడ హైదరాబాదు న్యాయవాదులు హైకోర్టు న్యాయమూర్తి నాశ్రయించి 1975 మే మాసమున దానిని ఆపించిరి. శూద్రకుని తలారి కోరిన ప్రొద్దు కొంత దొరకినది. కాని ఏనుగు కట్టు త్రెంచుకొనలేదు. 1975 జూన్ 25వ తేది రాత్రి ఎమర్జెన్సీ వచ్చినది. పత్రికలపై కత్తెర పడినది, సభలు నిలిచినవి, అడుగవలసినవారిలో పలువురు తామే చెఱసాలలకు పోయిరి. డిసెంబరు 1వ తేదిని ముషీరాబాదు చెఱసాలలో ఇద్దఱిని ఉరితీసిరి. మాటలాడు నోళ్ళున్నంతకాలము ఆగిన ఉరి, నోళ్ళు మూతపడిన అయిదుమాసములకు జరిగినది. వారు చేసినది సరియని మేమనుట లేదు. శిక్ష కాలమును నేరము నిర్ణయింపలేదు, దేశములోని నిశ్శబ్దము నిర్ణయించినదని మాత్రము అనుచున్నాము. ముషీరాబాదు చెఱసాల ఇప్పుడు లేదు. ఆ స్థలమున గాంధీ ఆసుపత్రి కట్టిరి. అన్నపుడబ్బాలు పట్టుకొని ఆడువారు నేడు ఆ గుమ్మమున నిలుచునది రోగులకొఱకు.

ఇక నైజీరియా సంగతి యొక్కటి చెప్పి విరమింతుము. ఆ దేశపు దక్షిణమున ఒగోనీ జనుల సీమలో షెల్ కంపెనీవారు నేలనూనె తీసిరి. పొలములు, ఏటినీరు చమురుతో పాడైనవి. కెన్ సారో-వివా యను రచయిత ఆ జనులను శాంతియుతముగా కూడగట్టెను. 1993 జనవరిలో లక్షలకొలది జనులు ఊరేగిరి. 1994 మే 21వ తేదిని ఒగోనీ పెద్దలు నలుగురిని ఒక మూక చంపినది. ఆనాడు సారో-వివాను ఆ చోటికి పోనీయక సైనికులే దారిలో మరలించిరి. అయినను ఆ హత్యలను ప్రేరేపించెనని అతనిని పట్టుకొనిరి. సైనికప్రభుత్వము నియమించిన ప్రత్యేకన్యాయస్థానమునకు పైన మఱియొక న్యాయస్థానము లేదు. సాక్షులలో ఇద్దఱు, లంచమిచ్చి తమచే అబద్ధము చెప్పించిరని ప్రమాణపత్రములు వ్రాసియిచ్చిరి. 1995 అక్టోబరు చివర తీర్పు చెప్పిరి. నవంబరు 8న సైనికమండలి ఖాయపఱచెను. 10వ తేదిని పోర్ట్ హార్కోర్టు చెఱసాలలో తొమ్మిదిమందిని ఉరితీసిరి. కామన్వెల్తు దేశాధినేతలు ఆనాడు ఆక్లండు నగరమున సభదీరియుండిరి. వారు నైజీరియాను తమ కూటమినుండి నిలిపివేసిరి. అది మఱునాటి మాట.

ఆ తొమ్మిదిమంది యిండ్లలోని స్త్రీలు ఊరకుండలేదు. ఎస్తర్ కియోబెల్ అను విధవ దేశము విడిచి అమెరికా చేరి, అచ్చటి న్యాయస్థానములలో షెల్ కంపెనీపై వ్యాజ్యము వేసినది. 2013లో ఆ దేశపు సుప్రీముకోర్టు, ఇది మా యెల్లలకు వెలుపలి సంగతి యనినది. 2017లో ఆమెయు, మఱి ముగ్గురు విధవలును హాలండులోని హేగ్ నగరమున మఱల వేసిరి. 2022లో అచ్చటి న్యాయస్థానము, సాక్ష్యము చాలదని కొట్టివేసినది. భర్తలను ఉరితీయుటకు కొలదిదినములు చాలినవి. భార్యలు ఏండ్లతరబడి మెట్లెక్కి దిగిరి.

2025 జూన్ 12వ తేదిని నైజీరియా అధ్యక్షుడు ఆ తొమ్మిదిమందికి క్షమాభిక్షయు, గౌరవబిరుదులును ప్రకటించెను. ఒకే ప్రసంగమున ఆ రెండును! వీరులైనవారిని క్షమించుటేమి? క్షమింపదగిన నేరమున్నచో బిరుదమేమి? చచ్చి ముప్పది సంవత్సరములైనవారికి క్షమాపత్రము ఏ చిరునామాకు పంపుదురో మాకు బోధపడలేదు. ఒగోనీ ఉద్యమమువారు దానితో తృప్తిపడలేదు. క్షమించుటయనగా నేరము చేసిరని మఱల చెప్పుటయే యనియు, తమకు క్షమ అక్కఱలేదు, ఆ తీర్పునే రద్దుచేయవలెననియు వారు అడుగుచున్నారు.